రీలోడింగ్ పనిముట్లు: నూనె ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ప్రశ్న: షూటింగ్ రేంజిలో కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులను తెచ్చుకుని, గరాజ్‌లో తిరిగి నింపుకోవడం కొన్నేళ్లుగా నా అలవాటు. ఈ మధ్య తొడుగులను నొక్కే యంత్రం, అంటే ప్రెస్, బిగుతుగా కదులుతోంది, దానిలో బిగించే అచ్చు, అంటే డై, రైఫిల్ తొడుగుల మీద గీతలు పెడుతోంది. అన్ని భాగాలూ విప్పి నూనె పట్టించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: విప్పడం వరకు సరే, అన్నింటికీ నూనె పట్టించడం మాత్రం వద్దు. మొదట బల్ల మీద ఉన్న తుపాకీ మందు డబ్బాలను, తొడుగు అడుగున అమర్చి ఆ మందును అంటించే ప్రైమర్లను మరో చోటికి చేర్చి, ఆ తరువాతే సాల్వెంట్ సీసా మూత తీయండి.

ప్రెస్ బిగుసుకోవడానికి సాధారణ కారణం పాత ప్రైమర్ల నుంచి రాలే గరుకు బూడిద. అది తొడుగును డైలోకి ఎత్తే కడ్డీ అయిన ర్యామ్ మీద పడి, అక్కడున్న నూనెలో కలిసి, లోహాన్ని అరగదీసే ముద్దగా మారుతుంది. దాని మీద మళ్లీ నూనె పోస్తే ఆ ముద్ద మరింత లోపలికి చేరుతుందే తప్ప పోదు. కనుక పాత నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచి, సందులను బ్రష్‌తో శుభ్రం చేసి, ర్యామ్‌కూ లింకుల పిన్నులకూ పలుచని పూత మాత్రమే ఇవ్వండి. కొన్ని ప్రెస్‌లకు గ్రీజు ఎక్కించే రంధ్రాలు ఉంటాయి. వాటి విషయంలో తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణం.

గీతల సంగతికి వస్తే, తప్పు చాలావరకు డైది కాదు, దానిలోకి వెళ్లే తొడుగుది. నేల మీద నుంచి ఏరిన తొడుగులకు అంటిన ఇసుక రేణువు ఒక్కటి తొడుగును తిరిగి సరైన కొలతకు నొక్కే సైజింగ్ డైలో ఇరుక్కున్నా, ఆ తరువాత వచ్చే ప్రతి తొడుగుకూ గీత పడుతుంది. డైలోని మధ్య కడ్డీని తీసి, సాల్వెంట్‌లో తడిపిన నూలు గుడ్డతో లోపలంతా తుడిచి, ఆరనిచ్చి, వెలుతురులో చూడండి. ఇత్తడి అంటుకుని ఉంటే మెత్తటి మెటల్ పాలిష్‌తో రుద్దవచ్చు. అప్పటికీ పోకపోతే తయారీదారుకు పంపడం మేలు. డైకి ఉండే చిన్న గాలి రంధ్రం మూసుకుపోలేదని కూడా చూసుకోండి, ఎందుకంటే లోపల పేరుకున్న కందెన బయటికి పోయే దారి లేక తొడుగు భుజం మీద సొట్టలు పెడుతుంది. సీసాకారపు మెడ ఉన్న రైఫిల్ తొడుగులకు కందెన తప్పనిసరి. నిటారు పిస్టల్ తొడుగులను కార్బైడ్ డైలో వేసేటప్పుడు సాధారణంగా దాని అవసరం ఉండదు.

ఎక్కువమంది పట్టించుకోనిది బుల్లెట్‌ను తొడుగులో కూర్చే సీటింగ్ డై. సీసపు బుల్లెట్ల మీది మైనం దానిలో పొరలుగా పేరుకుంటే బుల్లెట్ ఉండవలసిన దానికన్నా లోతుగా దిగుతుంది, లోతు పెరిగితే కాల్చేటప్పుడు పీడనమూ పెరుగుతుంది. గీతలు పడిన తొడుగు కన్నా నన్ను భయపెట్టేది ఇదే.

ఇక నూనె చేరకూడని భాగాలు రెండు: ప్రైమర్ అమర్చే భాగం, మందును కొలిచి పోసే పౌడర్ మెజర్. నూనె తగిలిన ప్రైమర్ పేలకపోవచ్చు. నూనె పూసిన కొలత డ్రమ్ముకు మందు అంటుకుని కొలత తప్పుతుంది. వీటికి పొడి గుడ్డ, మెత్తటి బ్రష్ చాలు. పని ముగిసిన ప్రతిసారీ పౌడర్ మెజర్ మీది మందు గిన్నె అయిన హాపర్‌లోని మందును దాని అసలు డబ్బాలోకే తిరిగి పోయండి. నైట్రోగ్లిజరిన్ కలిసిన మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. అంతకు మించి, వారం తరువాత వచ్చి చూసినప్పుడు హాపర్‌లో ఉన్నది ఏ మందో ఎవరూ చెప్పలేరు. ఒలికిన మందును చీపురుతో చేటలోకి ఎత్తండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మోటారు నిప్పురవ్వకు మందు అంటుకోవచ్చు, కాబట్టి దాన్ని వాడవద్దు.

ప్రశ్న: మందు తూచే నా త్రాసు ఒకే బరువును ఒక్కోసారి ఒక్కో విధంగా చూపిస్తోంది. దానికి నూనె వేయాలా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వద్దు. దండె త్రాసు అయితే కత్తి అంచునూ అది ఆనే గాడినీ పొడిగా తుడిచి, అయస్కాంతానికి అంటిన ఇనుప రజనును తీసేయండి. ఎలక్ట్రానిక్ త్రాసు అయితే ముందుగా కొంతసేపు ఆన్‌లో ఉంచి, ఫ్యాను గాలి తగలని చోట పెట్టండి. ఏదైనా సరే, ప్రతిసారీ తనిఖీ తూకపు రాయితో సరిచూడాలి. మందును తూచే ప్రమాణమైన ఒక గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాము, అంత చిన్న కొలతలో కంటి అంచనాకు చోటు లేదు.

ప్రశ్న: మావారు కాల్చిన తొడుగులను శుభ్రం చేసే టంబ్లర్‌ను బట్టలు ఉతికే గదిలో నడుపుతారు. ఆ దుమ్ము వల్ల పిల్లలకు హాని ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: ఉంటుంది, ఆ యంత్రాన్ని ఈ రోజే అక్కడి నుంచి తీసివేయించండి. ప్రైమర్లలో సాధారణంగా సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చిన తొడుగులకు అంటిన ఆ మసి, టంబ్లర్‌లోని మొక్కజొన్న కండెల రవ్వలోనో అక్రోటు పెంకుల పొడిలోనో చేరి, జల్లించేటప్పుడు గాలిలోకి లేస్తుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసం కనిపిస్తే దృష్టి పెట్టాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2021లో నిర్ణయించాయి. అంతకన్నా తక్కువైతే క్షేమమని దాని అర్థం కాదు. టంబ్లర్ మూత పెట్టే నడవాలి, జల్లించడం ఆరుబయటే జరగాలి, మాస్కు ఉండాలి, నల్లబడిన రవ్వను పారేయాలి. ఆ పని చేసిన బట్టలను విడిగా ఉతికి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మీవారు పిల్లలను ఎత్తుకోవాలని నియమం పెట్టండి. స్టీలు పిన్నులతో నీటిలో కడిగే పద్ధతిలో దుమ్ము లేవదు కాని ఆ నీటిలో సీసం ఉంటుంది. దాన్ని వంటింటి సింకులో పోయకుండా, కౌంటీ వారి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలో అడిగి అప్పగించండి. సందేహం ఉంటే పిల్లల వైద్యుని అడిగి రక్తపరీక్ష చేయించండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తూటాల తొడుగులు మెరిపించడానికి ఇత్తడి పాలిష్ పంపమన్నాడు. పంపవచ్చా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అందులో అమ్మోనియా ఉంటే పంపకండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, తయారీలో సాగదీయడం వల్ల ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి పగుళ్లు తెస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ వివరించారు. పగులు బారిన తొడుగును తిరిగి నింపి కాలిస్తే వేడి వాయువు తుపాకీ వెనుక భాగం వైపు తన్నుకు రావచ్చు. మెరుపు చూపుకే గాని, తూటాకు దానివల్ల లాభం లేదు. అబ్బాయికి కొద్దిగా నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో తొడుగులను కొన్ని నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టమని చెప్పండి. ఎక్కువసేపు నానబెడితే పైపొరలోని జింకు కరిగి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, అందుకే గడియారం చూసుకుని తీయమనండి.