ఆ టొరెంట్ క్యాషింగ్ బాక్స్ కొనే ముందు ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు ఇంటర్నెట్ ఇవ్వడానికి సి కేటగిరీ లైసెన్స్ తెచ్చుకున్నావని, ఊళ్ళో ఫైబర్ లాగిస్తున్నావని, అప్పుడే టొరెంట్ క్యాషింగ్ సర్వర్‌కి కొటేషన్ కూడా తెప్పించావని చెప్పింది. అదే, జనం ఒకరి దగ్గర ఒకరు ముక్కలు ముక్కలుగా తీసుకునే టొరెంట్ ఫైళ్ళని మన దగ్గరే దాచిపెట్టి ఇచ్చే బాక్స్. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. మా చెల్లెలి కూతురు ఇంటర్నెట్ కంపెనీ పెడుతోందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేశాను, ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఎర్తింగ్ సరిగ్గా చేయించు, యూపీఎస్ బ్యాటరీలు మంచివి కొను, ఫైబర్ అతికే స్ప్లైసింగ్ కుర్రాళ్ళకి జీతం ఒకటో తారీఖునే ఇచ్చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు ఆ క్యాషింగ్ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు తెలుసు, ఒకప్పుడు నాకూ వచ్చింది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా అన్‌లిమిటెడ్ ప్లాన్ ఒకటి ఉండేది, పిల్లలు అలారం పెట్టుకుని మరీ లేచి డౌన్‌లోడ్ పెట్టేవాళ్ళు. తర్వాత నేను నెట్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ రద్దీ అంతా నా నెత్తిన పడింది. 45 ఎంబీపీఎస్ లింకు, శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి వాడకం గ్రాఫ్ పైకెళ్ళి స్కేలు పెట్టి గీసినట్టు అక్కడే ఉండిపోయేది. ఒకే ఫైల్‌ని మా ఊళ్ళో వంద మంది వంద సార్లు బయటినుంచి లాగుతుంటే ఆ వందకీ డబ్బు కట్టేది మనమే కదా, ఒక్కసారి లాగి మన దగ్గర దాచుకుని మిగతా తొంభైతొమ్మిది మందికీ ఇక్కడినుంచే ఇస్తే అనిపించింది. ఆలోచన తప్పు కాదు. టొరెంట్‌లో ప్రతి ముక్కకీ హ్యాష్, అంటే సరిచూసుకోవడానికి వేలిముద్రలాంటి కోడ్, ఉంటుంది కాబట్టి మన బాక్స్ చెడ్డ ముక్క ఇచ్చినా కస్టమర్ కంప్యూటర్లోని టొరెంట్ క్లయింట్ ప్రోగ్రామే దాన్ని పారేసి ఇంకో చోట అడుగుతుంది, ఆ భయం అక్కర్లేదు.

నా భయం వేరు. అది 2012 సంగతి, మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

హైదరాబాద్ నుంచి బాక్స్‌తో వచ్చిన అబ్బాయి "సార్, ఒక కేబుల్ లోపలికి, ఒక కేబుల్ బయటికి, అంతే, ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు" అన్నాడు. రౌటర్‌కీ అప్‌లింక్‌కీ, అంటే పై కంపెనీ నుంచి మనకి నెట్ వచ్చే లైనుకీ, మధ్యలో పెట్టేశాం. మొదటి రెండు వారాలూ పండగే, గ్రాఫ్ కిందికి దిగింది, కస్టమర్లు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. కానీ టొరెంట్ క్లయింట్లు 16 కేబీ చొప్పున అడుగుతాయి, వందల మంది ఒకేసారి తలో ఫైల్లో తలో చోటినుంచి అడుగుతుంటే మామూలు హార్డ్ డిస్క్ హెడ్ అటూ ఇటూ పరిగెత్తి పరిగెత్తి చస్తుంది. నేను పెట్టింది అలాంటి మామూలు సాటా డిస్కులు రెండు. ఒక సాయంత్రం బాక్స్ బిగుసుకుపోయింది. ఆగిపోయినా బాగుండేది, కరెంటు పోతే లైను దానంతటదే కలిసిపోయే కార్డు అందులో ఉంది. కానీ అది ఆగలేదు, ప్రాణం ఉంది, రెండు పోర్టుల దగ్గరా ఆకుపచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ప్యాకెట్ మాత్రం ఒక్కటీ దాటట్లేదు. ఆ లైట్లు చూసి నేను బాక్స్‌ని అనుమానించలేదు. మూడు గంటలు అప్‌లింక్ వాళ్ళతో ఫోన్లో గొడవపడ్డాను.

ఆ రోజు ఎంసెట్ వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజు. మా వీధి చివర టైలరింగ్ చేసే ఆయన కూతురు కాలేజీ కోడ్లన్నీ వరసగా రాసుకున్న లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది, "అంకుల్, ఇంకెంతసేపు" అని. ఐదు నిమిషాలమ్మా అన్నాను, మళ్ళీ ఐదు నిమిషాలన్నాను. బాక్స్ పీకేసి రెండు కేబుళ్ళూ కప్లర్‌తో కలిపేసరికి టైం అయిపోయింది. ముందు రోజు తొందరలో పెట్టిన ఆప్షన్లే ఫ్రీజ్ అయిపోయి ఎక్కడో దూరాన సీటొచ్చింది ఆ పిల్లకి. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి ఆ నెల బిల్లు నాలుగొందలూ టేబుల్ మీద పెట్టి ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది తల్లీ.

అందుకే చెప్తున్నా, దారి మధ్యలో ఏ బాక్సూ పెట్టకు. పక్కన పెట్టి, టొరెంట్ ట్రాఫిక్ ఒక్కటే పాలసీ రూటింగ్‌తో, అంటే రౌటర్‌లో రూల్ పెట్టి, దానివైపు తిప్పు, లింక్ లైటు చూసి కాదు, బాక్స్ గుండా అవతలికి పింగ్, అంటే ఒక పరీక్ష ప్యాకెట్, పోయి వస్తోందో లేదో చూసి, రాకపోతే ఆ రూట్ దానంతటదే తీసేసి ట్రాఫిక్ నేరుగా పోయేలా పెట్టు. డిస్కులు పరిగెత్తే హెడ్ లేని ఎస్ఎస్డీలే కొను, ర్యామ్ దగ్గర పిసినారితనం చెయ్యకు.

అసలు ఇప్పుడు నీకు ఆ బాక్స్ కావాలా అని కూడా అడుగుతున్నా, కోప్పడకు. ఇవాళ జనం చూసేది ఎక్కువగా యూట్యూబ్, ఓటీటీ, అదంతా ఎన్‌క్రిప్టెడ్, నీ బాక్స్ దాన్ని ముట్టుకోలేదు, వాళ్ళ క్యాష్‌లు వాళ్ళే ఇవ్వాలి, నీ సైజుకి నేరుగా ఇవ్వరు కాబట్టి అవి ఉన్న అప్‌లింక్‌నే వెతుక్కో. టొరెంట్లు కూడా చాలావరకు ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తున్నాయి, బాక్స్ వాటిని గుర్తుపట్టడమే కష్టం. పైసా ఖర్చు లేని పని ముందు చెయ్యి. నీ కస్టమర్లంతా ఒకే నాట్ వెనకాల, అంటే ఒకే బయటి ఐపీ అడ్రస్‌ని పంచుకుంటూ, ఉంటారు కదా, ఆ నాట్‌లో లోపలివాళ్ళని లోపలే కలిపే హెయిర్‌పిన్ ఆన్ చెయ్యకపోతే ఎదురెదురు ఇళ్ళవాళ్ళు కూడా ఒకరి దగ్గర ఒకరు ముక్క తీసుకోలేక విదేశం నుంచి తెచ్చుకుంటారు. అది ఆన్ చేసి, ఎవరి అడ్రస్ వాళ్ళకి ఉండేలా ఐపీవీ6 ఇచ్చి, ఒక నెల గ్రాఫ్ చూడు.

ఇంకోటి, ఎవరో అప్‌లోడ్ చేసిన సినిమా నీ డిస్కులో రోజుల తరబడి ఉండటం నాకు నచ్చట్లేదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చినప్పుడు పంపిణీలో భాగంగా తాత్కాలికంగా నిల్వ ఉండే కాపీకి మినహాయింపు ఇచ్చారు, హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 21 రోజులు దాన్ని అందకుండా ఆపాలన్నారు. నీ బాక్స్ ఆ మినహాయింపులోకి వస్తుందో రాదో కొనక ముందే మంచి లాయర్‌ని అడుగు, కొన్నాక కాదు. ఏ టైంలో ఏ ఐపీ ఎవరు వాడారో చెప్పే నాట్ లాగ్ రికార్డులు మాత్రం రెండేళ్ళవీ జాగ్రత్తగా ఉంచు, రేపు పోలీసులు వచ్చి ఫలానా టైంలో ఈ ఐపీ ఎవరిది అంటే నువ్వు తప్పు ఇల్లు చూపించకూడదు.

డబ్బు తక్కువైతే అడుగు, మొహమాటపడకు, మీ అత్త కూడా అదే మాట చెప్పమంది. దసరాకి వస్తాను. అప్పటికి బాక్స్ పెట్టి ఉంటే సాయంత్రం ఏడున్నరకి, అందరూ నెట్ వాడుతున్నప్పుడే, ముందు దాన్ని హ్యాంగ్ చేయించి, తర్వాత పవర్ కార్డ్ నా చేత్తో నేనే పీకుతాను. ఆ రెండుసార్లూ నీ ఫోన్ మోగకూడదు.

మీ పెద్దమావయ్య