పది గ్రాముల ప్రోటీన్ ఎంతకు పడుతోంది చిన్నా?

చిన్నా,

నువ్వు అడిగిన మూడు వేలు ఇందాకే ఫోన్‌పే చేశాను, చూసుకో. మీ నాన్నకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ ఆ డబ్బుతో ప్రోటీన్ పొడి డబ్బా కొంటానన్నావు చూడు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. ఫోన్లో వద్దంటే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు స్కూల్లో పీఈటీగా పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణి. హాస్టల్ పిల్లల కంచాలు రోజూ చూసినవాణ్ణి. ఈ తిండి విషయంలో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు నీకెంత కావాలో తేల్చుకుందాం. మీ రూముకి దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అందరూ ఎన్ఐఎన్ అంటారు. వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. నీ 58 కిలోలకి 48 గ్రాములు. అది మామూలుగా ఉండేవాళ్లకి. నువ్వు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి పొద్దున్నే 1600 మీటర్లు పరిగెడుతున్నావు, షాట్‌పుట్ వేస్తున్నావు కాబట్టి ఇంకొంచెం కావాలి. కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు అనుకుంటే 70 నుంచి 93. మనం 80 దగ్గర ఆగుదాం. మీ జిమ్ అన్న చెప్పిన 150 నీకు అక్కర్లేదు. ఆయనకి డబ్బాలు అమ్ముకోవాలి కదా.

ఇప్పుడు నువ్వు తింటున్నది ఎంతో చూద్దాం. మొన్న వాట్సాప్‌లో పంపిన ఫొటోలో నీ కంచం చూశాను. అన్నం గుట్ట, పక్కన బంగాళాదుంప వేపుడు, పైన పసుపు రంగు నీళ్లు. ఆ పప్పులోంచి కంచం అడుగు కనబడుతోంది! అది పప్పు కాదురా, పప్పుచారుకి తమ్ముడు. నలుగురికీ కిలో కందిపప్పు ఐదు రోజులు వస్తోందని నువ్వే అన్నావు. అంటే మనిషికి రోజుకి 50 గ్రాములు, రెండు పూటలకీ కలిపి 11 గ్రాముల ప్రోటీన్. మూడు వందల గ్రాముల బియ్యంలో ఇరవై రెండో ఎంతో వస్తుంది. పొద్దున నాలుగు ఇడ్లీల్లో ఎనిమిది, రాత్రి కాస్త పెరుగులో మూడు. అన్నీ కలిపితే 44. మామూలు మనిషి లెక్కకే చాలడం లేదు. పరిగెత్తాక కాళ్లు లాగుతున్నాయంటే లాగవా మరి?

ఇక్కడ నేను రోజూ వేసుకునే లెక్క ఒకటి చెబుతాను. ఏ వస్తువు చూసినా "కిలో ఎంత" అని అడగొద్దు, "పది గ్రాముల ప్రోటీన్ ఎంతకు పడుతోంది" అని అడుగు. మా కిరాణా కొట్టు ధరలతో లెక్కేశాను, మీ దగ్గర కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీల్ మేకర్ కిలో 120. వంద గ్రాముల్లో 52 గ్రాముల ప్రోటీన్, కాబట్టి పది గ్రాములు రెండు రూపాయల ముప్పై పైసలకే వస్తాయి. సెనగలు కిలో 90, పది గ్రాములు నాలుగున్నర. కందిపప్పు 130, పది గ్రాములు ఆరు. పల్లీలూ ఆరే. గుడ్డు ఆరున్నర, ఒక్కోదాంట్లో ఆరు గ్రాములు, కాబట్టి పది గ్రాములు పదకొండు రూపాయలు. కిలో 240 పెట్టి కొన్న కోడిలో ఎముకలు తీసేస్తే పదిహేడు, పద్దెనిమిది పడుతుంది. పాలు కూడా అంతే. పనీర్ ఇరవై పైన. ఇక నీ డబ్బా కిలో మూడు వేలు, పది గ్రాములు నలభై. బాదం ఇంకా పైన, దాని జోలికే పోకు.

వేరేలా చెప్పనా? ఆ డబ్బాలో ముప్పై స్కూపులొస్తాయి. ఒక్కో స్కూపు వంద రూపాయలు, అందులో 24 గ్రాములు. అదే వంద నోటు నాకిస్తే నీకు నాలుగు రోజులు రోజుకి 38 గ్రాములు ఎక్కువ తినిపిస్తాను. పైగా మా వీధి కుర్రాడొకడు సగం ధరకి వస్తోందని ఆన్‌లైన్లో డబ్బా తెప్పించాడు. నీళ్లలో వేసి కలిపితే మైదాపిండిలా ముద్ద కట్టింది. ఎవర్ని అడుగుతాడు?

ఎలా తినిపిస్తానో విను. మొదటిది పప్పు. మీ నలుగురికీ కిలో ఐదు రోజులు రాకూడదు, రెండున్నర రోజుల్లో అయిపోవాలి. కొలతలూ తూకాలూ ఏం అక్కర్లేదు, ప్యాకెట్ ఖాళీ అయ్యే రోజు చూసుకో, చాలు. నీ వాటాకి రోజుకి ఆరున్నర రూపాయలు పెరుగుతుంది, 11 గ్రాములు పెరుగుతుంది. గరిటె జారుగా కాకుండా ముద్దపప్పులా ఉండాలి. అన్నం కాస్త తగ్గించు, మానకు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే ప్రోటీన్ భాగం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే లెక్క సరిపోతుంది. మీ రూమ్మేట్లు పప్పు ఖర్చు పెరిగిందని గొణిగితే, వేపుడుకి పోస్తున్న నూనె తగ్గించమను.

రెండోది గుడ్లు, రోజుకి రెండు. ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో జిల్లా స్థాయి పోటీలకి వెళ్లే పిల్లలకి పొద్దున్నే పచ్చిగుడ్డు పాలల్లో కొట్టి తాగించేవాణ్ణి. మాకు మా సారు అలాగే తాగించాడు మరి. ఒకసారి పోటీ రోజునే ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాయి. రిలే టీమ్ మొత్తం మూలపడింది. తర్వాతెప్పుడో తెలిసింది, ఉడికిన గుడ్డులో ప్రోటీన్ దాదాపు అంతా ఒంటికి పడుతుందట, పచ్చిదాంట్లో సగమేనట. అంటే పిల్లల కడుపూ పాడు చేశాను, గుడ్డూ పాడు చేశాను. నువ్వు ఉడకబెట్టుకు తిను. పచ్చసొన తీసి పారేసే వేషాలు వద్దు, ప్రోటీన్‌లో సగానికి కాస్త తక్కువ అందులోనే ఉంది. మీకు ఫ్రిజ్ లేదు కాబట్టి ఎండాకాలంలో చవకని ముప్పై గుడ్ల ట్రే తెచ్చుకోవద్దు, డజను తెచ్చుకో. చిట్లిన గుడ్లు తక్కువకిస్తానంటాడు కొట్టువాడు, తీసుకోకు. నీళ్లలో వేస్తే పైకి తేలిన గుడ్డు పారెయ్. రేటు పేపర్లో రోజూ వస్తుంది, చలికాలంలో పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది.

ఓనరు గుడ్డు వాసన కూడా రానివ్వడని చెప్పావు. అలాంటప్పుడు రూములో గొడవ పెట్టుకోకు. వీధి చివర బండి మీద ఉడికించినవి తిని రా, రెండు మూడు రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు.

మూడోది మీల్ మేకర్, రోజుకి ముప్పై గ్రాములు, అంటే ఓ గుప్పెడు. పదిహేను గ్రాముల ప్రోటీన్, మూడున్నర రూపాయలు. గడ్డిలా ఉంటుంది, తినలేనన్నావు. వండడం రాక అలా అంటున్నావు. మరిగే నీళ్లలో ఉప్పు వేసి, అందులో పది నిమిషాలు వదిలెయ్. ఉబ్బాక చల్లనీళ్లలోకి తీసి రెండు చేతుల మధ్యా గట్టిగా పిండు. నురుగులాంటి నీళ్లొస్తాయి, ఆ పచ్చి వాసనంతా అందులోనే ఉంది. మళ్లీ నీళ్లు పోసి ఇంకోసారి పిండు. అప్పుడు కత్తితో చిన్న ముక్కలు చేసి ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం వేసి ఖీమాలా దోరగా వేయించు. గోంగూరలో వేస్తే మీ పెద్దమ్మ కూడా అది మటనో కాదో కాసేపు తేల్చుకోలేకపోయింది. రెండుసార్లు పిండకుండా పులావులో వేసి "బాగాలేదు పెదనాన్నా" అంటే నేను ఒప్పుకోను.

ఈ మూడూ కలిపితే రోజుకి 23 రూపాయలు, నెలకి ఏడు వందల లోపు. నీ 44కి 38 కలిస్తే 82. అన్నం తగ్గించినందుకు రెండు మూడు పోయినా 80కి దగ్గరే ఉంటావు.

పరుగు నుంచి రాగానే ఏం తాగాలని అడిగావు కదా. మన ఊరి పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, అక్కడ బీహార్ కూలీలున్నారు. ఎండలో ఇటుకలు మోసి వచ్చి లోటాలో సత్తు కలుపుకు తాగుతారు. వేయించిన సెనగల పిండి, నీళ్లు, ఉప్పు, నిమ్మకాయ, ఉల్లిపాయ ముక్కలు, అంతే. మనకి పుట్నాలు ఉన్నాయిగా, అదీ అదే. పావుకిలో మిక్సీలో మెత్తగా పట్టుకుని డబ్బాలో పెట్టుకో. రోజూ పెద్ద గ్లాసు మజ్జిగలో మూడు నాలుగు పెద్ద చెంచాలు వేసుకుని తాగు. యాభై గ్రాముల పొడికి పది గ్రాములు, ఆరు రూపాయలు. నీ షేక్ అదే అనుకో. గుడ్డు దొరకని రోజు, శనివారం మీ రూమ్మేట్ గుడ్డు ముట్టుకోని రోజు ఇదే దిక్కు.

ఉలవల గురించి చెప్పకపోతే మా నాన్న ఆత్మ శాంతించదు. మా చిన్నప్పుడు ఇంట్లో పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. పైన నీళ్లు వంచుకుని ఉలవచారు కాచుకుని మేం లొట్టలేసుకుంటూ తాగేవాళ్లం. అడుగున మిగిలిన ఉలవలు ఎద్దులకి పెట్టేవాళ్లు. వంద గ్రాముల ఉలవల్లో ఇరవై రెండు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది కదా. అంటే రుచి మాకు, బలం ఎద్దులకి. అవి అంత బలంగా ఉండేవంటే ఉండవా! నువ్వు మాత్రం గుగ్గిళ్లు కూడా తిను. రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో ఏడెనిమిది కూతలు రానిచ్చి, ఉల్లిపాయ పోపు పెట్టుకో.

పెసలు రాత్రి నానబెట్టి పొద్దున పెసరట్టు వేసుకున్నా మంచిదే. అరవై గ్రాముల పెసలకి పద్నాలుగు గ్రాములు వస్తాయి, బండి మీద నాలుగు ఇడ్లీలకి వచ్చేది ఎనిమిది. పల్లీలు మాత్రం గుప్పెడు దాటకు, వాటిలో సగం నూనే. నలుపెక్కినవీ బూజు వాసన వచ్చేవీ కడిగి వాడదాం అనుకోకు, పారెయ్.

అప్పుడప్పుడు మధ్యాహ్నం ఐదు రూపాయల క్యాంటీన్లో తింటున్నానని చెప్పడానికి సిగ్గుపడ్డావెందుకు? వేడన్నం, సాంబారు, కూర. డబ్బు మిగులుతుంది. కాకపోతే అన్నం 400 గ్రాములుంటే సాంబారు 120 ఉంటుంది. జేబులో ఉడికించిన గుడ్డో, చిన్న డబ్బాలో సెనగ గుగ్గిళ్లో పట్టుకెళ్లు, ఆ లోటు అక్కడికక్కడే తీరిపోతుంది.

ఆదివారం కోడి తింటే తిను, పండగ పండగే. పావుకిలో కార్జం, కందనకాయలు కలిపి తెచ్చుకుంటే మాంసం కన్నా చవక. కార్జం వారానికి ఒక్కసారి చాలు.

ఇవన్నీ రేపే మొదలుపెట్టకు. ఒక్కసారిగా పప్పు, సెనగలు, మీల్ మేకర్ పెంచితే కడుపు ఉబ్బి గ్రౌండ్‌లో నవ్వులపాలవుతావు. మొదటి వారం పప్పూ గుడ్లూ, రెండో వారం మీల్ మేకర్, ఆ తర్వాత గుగ్గిళ్లు. గుగ్గిళ్లు రాత్రి తిని తెల్లారి ఐదింటికి పరుగుకి వెళ్లకు, నా అనుభవం ఇది. నీళ్లు బాగా తాగు. మీ రూములో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్కలు వాళ్లకి చెప్పొద్దు, డాక్టర్ని అడగమను.

ఇక ఆ మూడు వేల సంగతి. అది నీ డబ్బే, తిరిగి అడగను. డబ్బానే కొంటానంటే కొనుక్కో. కానీ ముందు ఒక నెల ఇలా తిను. ఈ రోజు 1600 మీటర్లు ఎంత టైమ్‌లో పరిగెత్తావో గోడ మీద రాసిపెట్టు, నెల తర్వాత నాకు రెండు టైమ్‌లూ చెప్పు. ఏడు వందలు పోను మిగిలినదాంట్లో ముందు బూట్లు కొను. నీవి మడమ దగ్గర అరిగిపోయాయి, ఫొటోలో అవీ కనబడ్డాయి.

ఆదివారం పొద్దున బస్సుకి పార్సిల్ వేస్తున్నాం. రెండు కిలోల ఉలవలు, పుట్నాల కారం, సున్నుండలు. సున్నుండలు నలుగురూ పంచుకోండి. పుట్నాల కారం స్టీలు డబ్బాలో పెట్టింది మీ పెద్దమ్మ. కిందటిసారి పంపిన డబ్బా ఇంకా తిరిగి రాలేదని లెక్క పెట్టుకుని కూర్చుంది, ఈసారి రెండూ పట్టుకురా.

మీ పెదనాన్న