మతి తప్పాక జీపీఏ చెల్లుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు 2021లో నా పేర జీపీఏ (ఆయన తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారపత్రం) రిజిస్టర్ చేయించారు. ‘నాకు మతిస్థిమితం తప్పినా ఇది చెల్లుతుంది’ అని అందులో ఉంది. అమెరికాలో ఉండే అన్నయ్య అక్కడి పద్ధతి చూసి రాయించాడు. నిరుడు నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. మందులకు డబ్బు చాలక, తెనాలిలో ఆయన స్వార్జిత స్థలం పక్కింటాయనకు అమ్ముదామనుకుంటే అక్క అడ్డుపడుతోంది. కొత్త కాగితం మీద నాన్న వేలిముద్ర వేయిస్తే సరిపోతుందని దస్తావేజు రాసే ఆయన అంటున్నారు. ఇన్నాళ్లూ చాకిరీ చేసింది నేనే. అమ్మకూడదా?

జవాబు: చాకిరీ ఎవరు చేశారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అధికారం ఇచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే ఏజెంటు అధికారం పోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. మీ అన్నయ్య రాయించిన వాక్యం అమెరికాలో పనికొస్తుంది, తెనాలిలో కాదు. ఆస్తిలో ఏజెంటుకే సొంత హక్కు ఉంటే 202వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది గానీ, రేపు వస్తుందనుకునే వాటా ఆ లెక్కలోకి రాదు. తెలియక అమ్మానని అందామా అంటే, ఆయన స్థితి తెలుసని మీరే రాశారు. రోజూ చూస్తున్న పక్కింటాయనకూ తెలుసు.

కేసంతా ఒక్క తేదీ మీద, ఆయనకు మతి తప్పిన తేదీ మీద నడుస్తుంది. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ తీసి, ఆయన స్పృహ గురించి డాక్టరు ఏం రాశారో చదవండి. ఆ తేదీ తర్వాత జీపీఏ హోదాలో పెట్టే ప్రతి సంతకం మీ మెడకే చుట్టుకుంటుంది. దావా వేసే గడువు మూడేళ్లు గడిస్తే గండం గట్టెక్కుతుందనుకోకండి. మతి లేనివారి విషయంలో గడువు పరుగెత్తకుండా లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ ఆపుతుంది. ఆయన తదనంతరం మీ అక్క వారసురాలిగా దావా వేయవచ్చు.

వేలిముద్ర జోలికి మాత్రం వెళ్లకండి. ఇప్పటిదాకా ఇది ఇంటి తగాదా. ఆ ముద్ర పడితే క్రిమినల్ కేసుకు తలుపు తీసినట్టే.

నాన్నగారు బాగున్నప్పుడే ఒక వకీలుకు చూపించాల్సింది. బతికున్నంతకాలం అనుభవ హక్కు ఆయనకే ఉంచి సెటిల్మెంట్ దస్తావేజు (బతికుండగానే ఆస్తిని ఇంటివారి పేర రాసిచ్చే పత్రం), బ్యాంకులో జాయింట్ అకౌంట్ పెట్టించుకుంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడున్న దారి హైకోర్టు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆస్తికి గార్డియన్‌ను పెట్టే ఏర్పాటు లేదు. కోమాలో ఉన్నవారి కోసం రాజ్యాంగం 226 అధికరణం కింద గార్డియన్‌ను నియమించే పద్ధతిని కేరళ హైకోర్టు 2019లో నిర్దేశించింది. మీరూ అలాగే రిట్ వేసి, అమ్మకానికి అనుమతి అడగండి. వైద్య నివేదికలు, బిల్లులు జతచేయండి. అక్కను దాచకుండా పార్టీగా చేర్చండి, ఒప్పుకుంటే అఫిడవిట్ తీసుకోండి. ఈలోగా స్థలాన్ని కాపాడే బాధ్యత 209వ సెక్షన్ ప్రకారం మీదే కాబట్టి పన్ను కట్టండి, ఆక్రమణ జరగకుండా చూడండి.

అమ్మగారు ఉండి, ఆమె పేర ఆస్తి ఉంటే, పైన చెప్పిన సెటిల్మెంట్ కాగితాలు ఈ వారమే మొదలుపెట్టండి. సంతకం పెట్టే రోజు తేదీతోనే డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి.