గాజు పనికి చేత్తో పట్టుకునే పెద్ద టార్చ్: ఏది కొనాలి?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. మీకు బల్లకు బిగించిన బర్నర్ ఉంది, దాని మీద ల్యాబుల్లో వాడే గాజు కండెన్సర్లు (ఆవిరిని చల్లార్చే గొట్టాలు), చిన్న ఫ్లాస్కులు చేస్తున్నారు. ఇప్పుడు 10, 20 లీటర్ల ఫ్లాస్కులకు పక్క నెక్కులు (పొట్టి మూతి గొట్టాలు) అతికించే ఆర్డర్లు వస్తున్నాయి. అంత పెద్ద బుడ్డిని మంట దగ్గరికి తేలేం కాబట్టి మంటనే దాని దగ్గరికి తీసుకెళ్ళాలి, అంటే చేత్తో పట్టుకునే గ్యాసు బర్నర్, అదే హ్యాండ్ టార్చ్, కావాలి. గ్యాసుకు ప్రస్తుతానికి ఇంటి సిలిండరే వాడుతున్నానన్నారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షెడ్డులో చాలా ఏళ్ళు మందుల కంపెనీలకు గాజు సామాను చేశాను. ఇప్పుడు సొంతంగా గాజు లేత్ (గాజును మంటలో తిప్పే యంత్రం) పెట్టుకున్నాను. ఇంతవరకు నాలుగు హ్యాండ్ టార్చులు కొన్నాను, అందులో రెండు డబ్బు దండగ. మొదటిదాని కథ చెబితే మీకు సగం జవాబు వచ్చేస్తుంది.

ఒక షెడ్డు మూసేస్తుంటే వాళ్ళ సామానులో దొరికింది. ఇత్తడి ఒళ్ళు, పొడుగాటి మెడ, వెలిగిస్తే బుస్సుమంటూ మూరెడు మంట. చూడగానే మనసు పారేసుకున్నాను. మరుసటి వారమే 20 లీటర్ల ఫ్లాస్కుకు మూడో నెక్కు పెడుతున్నాను. ఆ సైజు బుడ్డి లోపలి వ్యాసం దాదాపు 34 సెంటీమీటర్లు ఉంటుంది. రంధ్రం తెరిచాను, సాకెట్ (నెక్కుగా అతికే గాజు మూతి) ఆనించాను, అంచు చుట్టూ కరిగిస్తున్నాను. రెండు నెక్కుల మధ్య సందులో టార్చ్ మూతి పెట్టి తిప్పుతుంటే "ఫట్" మని పేలి మంట ఆరిపోయింది. లైటర్ వెతికి వెలిగించేలోపు ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టలేదు గానీ, మళ్ళీ మంట దగ్గరికి తెచ్చేసరికి "టిక్" మని సన్నటి చప్పుడు. వెంట్రుకంత గీత కొత్త నెక్కు దగ్గర మొదలై పాత నెక్కు దాకా పాకింది. అప్పటి ఓనరు ఆ ఫ్లాస్కు ఖరీదు నా జీతంలో మూడు నెలలు కోశాడు.

తప్పు ఆ టార్చ్‌ది కాదు, నాది. అది ప్రీమిక్స్ రకం, అంటే గ్యాసు, ఆక్సిజన్ లోపలే కలిసి మూతి నుంచి బయటికొస్తాయి. మంట సూదిగా, బిగువుగా ఉంటుంది, దూరం నుంచి కూడా తగులుతుంది. కానీ వేడి గాజు సందులో ఎక్కువసేపు పెడితే ఆ సెగ వెనక్కి కొట్టి టిప్పు (టార్చ్ మూతి కొన) కాగిపోతుంది. టిప్పు కాగితే మంట లోపలికి దూకి పేలుతుంది. మంట బాగా తగ్గించినా అంతే. రెండో రకం సర్ఫేస్ మిక్స్. దాంట్లో గ్యాసు, ఆక్సిజన్ వేర్వేరు సన్నటి గొట్టాల్లో మూతిదాకా వచ్చి బయటే కలుస్తాయి. లోపల కలవవు కాబట్టి మంట లోపలికి దూకే అవకాశం లేదు. మెత్తటి పెద్ద మంట నుంచి సన్నటి నీలి మంట దాకా ఎంతకంటే అంతకు తిప్పుకోవచ్చు. మీరు చెప్పిన పనికి కళ్ళు మూసుకుని ఇదే తీసుకోండి. వాక్యూమ్ లైన్లను (గాలి లాగేసే గాజు గొట్టాల అమరికను) బిగించినచోటే రిపేరు చెయ్యాల్సి వస్తే అప్పుడు చిన్న ప్రీమిక్స్ ఇంకోటి కొనుక్కోవచ్చు. అమెరికా నేషనల్ వాళ్ళ 3ఏ లాంటిది టిప్పులు మార్చుకుంటూ ఆ పనికి హాయిగా వాడొచ్చు. 20 లీటర్ల బుడ్డికి మాత్రం అది చాలదు.

ఇక పెద్ద మంట అంటే ఎంత పెద్దది? మనం వాడే బోరోసిలికేట్ గాజు 820 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మనం అతికించి ఊదేది 1200 దాటాక. ఎల్పీజీ-ఆక్సిజన్ మంటకు అంత వేడి ఎప్పుడూ ఉంటుంది, చిన్న టార్చ్‌కైనా. కాబట్టి "ఎంత వేడి వస్తుంది" అని అమ్మేవాణ్ణి అడగడం దండగ. మంట ఎంత వెడల్పు అని అడగండి. గాజు వేడిని పక్కకు పాకనివ్వదు. సన్న మంటతో ఒకచోట కరిగిస్తే బెత్తెడు అవతల ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ హద్దులోనే పగులు పుడుతుంది. 29/32 సాకెట్ (మూతి దాదాపు 29 మిల్లీమీటర్ల వెడల్పుండేది) పెట్టాలంటే మంట కనీసం మూడు వేళ్ళ వెడల్పు ఉండాలి. దాంతో ముందు జానెడు మేర గుండ్రంగా వేడెక్కించి, ఆ తర్వాతే నీలి మంటకు రావాలి. అతికాక కూడా ఆక్సిజన్ తగ్గించి, పసుపు మంటతో చుట్టూ వేడిని నిదానంగా దించాలి. ఆపైన గాజులో మిగిలిన బిగువు పోవడానికి 560 డిగ్రీల కొలిమి ఎలాగూ ఉండాల్సిందే.

అందరూ మర్చిపోయేది చెయ్యి సంగతి. పని చేసేటప్పుడు ఎలా ఉంటామో గుర్తు తెచ్చుకోండి. నోట్లో ఊదే రబ్బరు గొట్టం, కుడి చేతిలో గ్రాఫైట్ పలక, ఎడమ చేతిలో టార్చ్. మంట తగ్గించాలంటే మూడో చెయ్యి లేదు. కాబట్టి నాబ్‌లు రెండూ టార్చ్ పట్టుకున్న చేతి బొటనవేలికే అందాలి. చూడకుండానే ఏది గ్యాసో ఏది ఆక్సిజనో తెలియాలి. నేను గ్యాసు నాబ్‌కు సన్నటి రాగి తీగ నాలుగు చుట్లు చుట్టుకున్నాను, బొటనవేలికి గరుకుగా తగులుతుంది. నేను కొన్న రెండో టార్చ్‌లో నాబ్‌లు పిడి అడుగున ఉండేవి. మంట బంగారంలా ఉండేది, పాపం, కానీ ఆరు నెలలు తిప్పలు పడి అమ్మేశాను.

బరువు కూడా షాపులో చేతిలో పెట్టుకుని చూస్తే తెలియదు. రెండు హోస్ పైపులు తగిలించి, చెయ్యి చాపి పది నిమిషాలు పట్టుకోండి, మణికట్టే చెబుతుంది. నిజానికి లాగేది టార్చ్ కాదు, పైపులు. నేను పైనుంచి ఒక స్ప్రింగ్ కొక్కెం వేలాడదీసి పైపుల బరువు దానికి అప్పగించాను. పైపులు తేలిగ్గా ఉండాలని మరీ సన్నవి వేశారో, పెద్ద మంట పెట్టినప్పుడు గ్యాసు అందక మంట కుంటుతుంది. వెలుగుతున్న టార్చ్‌ను బల్ల మీద పడుకోబెట్టే అలవాటు చేసుకోకండి, దానికంటూ ఒక స్టాండు ముందే చేయించుకోండి.

బ్రాండ్లు అడిగారు. అమెరికాలో కార్లైల్, బెత్లెహెమ్, జర్మనీలో హెర్బర్ట్ ఆర్నాల్డ్ గాజు పనివాళ్ళ బర్నర్లకు పాత పేర్లు. డబ్బుంటే నిస్సందేహంగా తెప్పించుకోండి. నా మూడోది, నాలుగోది మాత్రం ఇక్కడ లోహాన్ని కోసే లేత్ పనివాడితో చేయించుకున్న సర్ఫేస్ మిక్స్ టార్చులే. మూతిలో గొట్టాలు సమంగా ఉన్నాయా, కీళ్ళ దగ్గర లీకు ఉందా అని సబ్బు నీళ్ళతో చూసుకుని తీసుకున్నాను. బాగానే పనిచేస్తున్నాయి.

ఇప్పుడు సిలిండర్ సంగతి. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చేది దాదాపు 30 మిల్లీబార్ల ఒత్తిడి. దాని మీద ఏ పెద్ద టార్చ్ పెట్టినా కిరోసిన్ బుడ్డిలా వెలుగుతుంది. పైగా 14.2 కిలోల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం చట్టరీత్యా తప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, హై ప్రెషర్ రెగ్యులేటర్ తీసుకోండి. చలికాలం పొద్దున పెద్ద మంట గంటసేపు నడిపితే సిలిండర్ ఒంటి మీద మంచు పేరుకుని ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వేడి నీళ్ళు పోసే తెలివి వద్దు, రెండు సిలిండర్లు జత చెయ్యండి.

అసలు ఖర్చు ఆక్సిజన్‌ది. ఎల్పీజీలో ఉండే ప్రొపేన్ ఒక పాలు పూర్తిగా మండాలంటే అయిదు పాళ్ళ ఆక్సిజన్ కావాలి. నిమిషానికి 30 లీటర్ల చొప్పున లాగితే 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండర్ నాలుగు గంటలు కూడా రాదు. కోవిడ్ నాటి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి, వాటితో నడుస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. నిమిషానికి 5, 10 లీటర్ల మిషన్లు అవి. బల్ల మీద పూసలు చేసుకోవడానికి సరే, ఈ పనికి కాదు. గ్యాసు, ఆక్సిజన్ రెండు లైన్లకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట పైపులోకి వెనక్కి పోకుండా ఆపేది) తప్పనిసరి. ఆక్సిజన్ బిగింపులకు నూనె, గ్రీజు చుక్క కూడా తగలనివ్వకండి. వెలిగించేటప్పుడు ముందు గ్యాసు, ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్.

కళ్ళకు డిడీమియం అద్దాలు మీ దగ్గర ఉండే ఉంటాయి. అవి వేడి గాజులోని సోడియం ఇచ్చే పసుపు వెలుగును మాత్రమే కోస్తాయి. పెద్ద బుడ్డి ఎర్రగా కాగినప్పుడు వచ్చే పరారుణ సెగను ఆపవు. నెంబర్ 3 వెల్డింగ్ షేడు కలిసిన అద్దం తీసుకోండి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను, సాయంత్రానికి కళ్ళు మండటం అప్పుడే తగ్గింది.

టార్చ్ కొనడానికి వెళ్ళేటప్పుడు పగిలిన పెద్ద ఫ్లాస్కు ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్ళండి. వెలిగించి చూపించమనండి, మీ చేత్తోనే పట్టుకుని ఆ ముక్కకు ఒక రంధ్రం తెరవండి. వెలిగించి చూపించడానికి ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.