పాఠకుల ప్రశ్నలు: భక్త కుటుంబాలలో పిల్లల పెంపకం

ప్రశ్న: మాది దీక్ష తీసుకున్న వైష్ణవ కుటుంబం. మందిరానికి దగ్గరగా, తోటి భక్తుల కుటుంబాల మధ్యే ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు. నిన్నమొన్నటి వరకు తెల్లవారుజామున మందిరంలో జరిగే మంగళహారతికి సంతోషంగా లేచేవాడు. ఇప్పుడు లేపితే ఏడుస్తున్నాడు, జపమాల పట్టుకోమంటే విసుక్కుంటున్నాడు. ఐదేళ్లు దాటిన పిల్లలను దండించి దారిలో పెట్టమని శాస్త్రమే చెప్పిందని మా ఇంటి పెద్దలు అంటున్నారు. వాణ్ణి కొట్టడానికి నాకు చేతులు రావు. అలాగని వదిలేస్తే భక్తికి దూరమవుతాడేమోనని భయంగా ఉంది. నేనేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ బాబు నిద్ర సంగతి చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. నాలుగున్నర హారతికి వాడు నాలుగింటికే లేవాలంటే, ముందురోజు రాత్రి ఏడింటికల్లా నిద్రపోవాలి. సాయంత్రం ప్రవచనాలూ కీర్తనలూ ముగిసి, ప్రసాదం తీసుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, పది అయ్యే ఇళ్లలో ఇది సాధ్యమయ్యే పని కాదు. అలాంటప్పుడు ఆ ఏడుపు భక్తి లేక వచ్చినది కాదు, నిద్ర చాలక వచ్చినది. వారంలో ఒకటి రెండు రోజులు, ముందురోజు తొందరగా పడుకోబెట్టగలిగినప్పుడు మాత్రమే మంగళహారతికి తీసుకువెళ్లండి. మిగిలిన రోజులలో వాడు లేచిన తరువాత ఇంట్లోనే ఒక చిన్న హారతి చాలు.

ఇక శాస్త్రం మాట. మీ పెద్దలు చెబుతున్నది చాణక్యుడి పేరు మీద ప్రచారంలో ఉన్న శ్లోకం: ఐదేళ్ల వరకు లాలించాలని, తరువాత పదేళ్లు దండించాలని, పదహారవ ఏడు వచ్చాక స్నేహితుడిలా చూడాలని దాని భావం. అది నీతిశ్లోకమే తప్ప భక్తిశాస్త్రం చేసిన విధి కాదు. ప్రాణులకు మేలైన శిక్షణను హింస లేకుండానే ఇవ్వాలని, ధర్మం కోరేవాడు మధురంగా, మృదువుగా మాట్లాడాలని మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఉంది. అదే మనుస్మృతిలో మరొకచోట దండనకు అనుమతి కూడా ఉంది కనుక, శ్లోకానికి శ్లోకం అప్పజెప్పి ఈ ప్రశ్నను తేల్చలేం. మీరు ఆరాధించే భాగవతం తల్లిదండ్రుల గురించి ఏం చూపిస్తున్నదో గమనించడమే మేలని నా అభిప్రాయం.

కార్తికమాసమంతా దామోదరలీలను పాడుకునే కుటుంబాలకు ఆ ఘట్టాన్ని గుర్తుచేయనక్కరలేదు గాని, అందులోని ఒక చిన్న విషయాన్ని చాలామంది దాటిపోతారు. పెరుగుకుండ పగులగొట్టిన కృష్ణుణ్ణి తరుముకుంటూ వెళ్లిన యశోద, బిడ్డ భయపడ్డాడని గ్రహించగానే చేతిలోని కర్రను పారవేసింది. తప్పును ఆమె చూడనట్టు వదిలేయలేదు, రోటికి కట్టింది. అయితే బిడ్డ కళ్లలో భయం కనిపించిన తరువాత ఆ కర్ర ఆమె చేతిలో నిలవలేదు. ప్రహ్లాదుడి కథలోనైతే సామదానభేదదండోపాయాలన్నీ ప్రయోగించినది హిరణ్యకశిపుడి పక్షమే. ఆ పిల్లవాడు భాగవతధర్మాన్ని తల్లి కయాధువు గర్భంలో ఉండగా నారదుడి వద్ద విన్నాడు, అదీ ఆమె ఆ ఋషి ఆశ్రమంలో ఎటునుంచీ భయం లేకుండా రక్షణ పొందుతున్న రోజులలో. ఈ క్రమాన్ని ప్రతి భక్త కుటుంబమూ మనసులో పెట్టుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను: ముందు అభయం, ఆ తరువాతే ఉపదేశం.

జపాన్ని ఎన్నడూ శిక్షగా వాడకండి. ‘అల్లరి చేశావు కాబట్టి ఇంకొక మాల చెయ్యి’ అన్న తల్లి ఆ క్షణాన భగవన్నామాన్ని గుంజీళ్లతో సమానం చేసినట్టే. అన్నం వదిలేస్తేనో అబద్ధమాడితేనో కృష్ణుడికి కోపం వస్తుందని బెదిరించడమూ అటువంటిదే; తప్పు చేసిన రోజునే పిల్లవాడికి దేవుడి దగ్గరకు వెళ్లే ధైర్యం ఎక్కువగా కావాలి. మీరు జపం చేసుకునేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పది నిమిషాల తరువాత లేచిపోతానంటే వెళ్లనివ్వండి. పూలు గుచ్చడం, తాళాలు వాయించడం, విగ్రహానికి వస్త్రాలు సిద్ధం చేయడం, తమ్ముడికో చెల్లికో కథ చెప్పడం వంటి సేవలలో వాడికి ఏది నచ్చితే అది అప్పగించండి. పక్కింటి భక్తుల అబ్బాయికి గీతాశ్లోకాలు ఎన్ని వచ్చో మాత్రం వాడి ముందు లెక్కపెట్టవద్దు.

ప్రశ్న: మా పదేళ్ల అబ్బాయిని దూరంలో ఉన్న ఒక వసతి గురుకులంలో చేర్చమని మా సమాజంలోని పెద్దలు సలహా ఇస్తున్నారు. బిడ్డ మీద మమకారం మాయ అని, గురువుకు అప్పగించి నిశ్చింతగా ఉండమని అంటున్నారు. ఏయే విషయాలు చూసుకుని నిర్ణయించుకోవాలి?
– ఒక తండ్రి

జవాబు: ‘నిశ్చింతగా’ అన్న మాటే నన్ను కలవరపెట్టింది. ఎందుకో చెప్పడానికి భక్తసమాజాల చరిత్ర నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. 1966లో న్యూయార్క్‌లో ఆరంభమైన కృష్ణభక్తి సంస్థ ఇస్కాన్, 1971లో అమెరికాలోని డల్లాస్‌లో తన మొదటి గురుకులాన్ని తెరిచింది. ఐదారేళ్ల పిల్లలు కూడా తల్లిదండ్రులకు దూరంగా అక్కడ ఉన్నారు. పెద్దలు ప్రచారసేవలో తలమునకలై ఉండగా, పిల్లల పెంపకంలో శిక్షణ లేనివారి చేతుల్లో ఆ చిన్నవాళ్లు పడ్డారు. పిల్లలను అసలు కొట్టకూడదని సంస్థాపకులు భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు 1972లోనే ఒక ఉత్తరంలో రాశారు. అయినా అక్కడా, తరువాత వెలసిన మరికొన్ని గురుకులాలలోనూ పిల్లలు దెబ్బలు తిన్నారు, కొందరు లైంగిక హింసకూ గురయ్యారు. డల్లాస్ బడి 1976లో మూతపడింది. 1998లో సంస్థ తన సొంత పత్రికలోనే ఈ విషయంపై ఒక సామాజిక శాస్త్రవేత్త పరిశీలనను ప్రచురించి, అదే ఏడాది పిల్లల రక్షణకు ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. 2000లో పూర్వవిద్యార్థులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

ఒక సంస్థను నిందించడానికి ఇది చెప్పడం లేదు. తప్పును బయట పెట్టుకున్న ధైర్యం ఎన్నో సంస్థలకు లేదు. గురువుగారి ఆదేశం ఎంత స్పష్టంగా ఉన్నా, అది అమలవుతున్నదో లేదో రోజూ చూసే కళ్లు లేకపోతే బిడ్డకు రక్షణ ఉండదని ఆ పిల్లలు అనుభవించిన బాధ చెబుతున్నది. మీ మమకారమే అక్కడ వాడికి కాపలా. దానిని మాయ అని తీసిపారేయవద్దు.

కాబట్టి చేర్చే ముందు ఆ గురుకులానికి వెళ్లి రెండు మూడు రోజులు అక్కడే ఉండండి. రాత్రివేళ పిల్లల గదుల బాధ్యత ఎవరిదో, వారిని నియమించే ముందు పూర్వాపరాలు విచారించారో లేదో అడగండి. పెద్ద పిల్లలూ చిన్న పిల్లలూ ఒకే గదిలో పడుకుంటారా, పిల్లవాడు పక్కన ఎవరూ లేకుండా ఇంటికి ఫోను చేయగలడా, ముందుగా చెప్పకుండా తల్లిదండ్రులు రావచ్చా అన్నవి తప్పక తెలుసుకోవాలి. చివరి ప్రశ్నకు ‘రాకూడదు’ అని జవాబు వస్తే, మిగిలినవి ఎంత బాగున్నా చేర్చకండి. చదువు మధ్యలో ఆపి మామూలు బడికి మారవలసి వస్తే పనికివచ్చే గుర్తింపు ఉన్నదో లేదో కూడా చూసుకోండి.

ఇంకొకటి. మన సమాజాలలో వైష్ణవాపరాధం, అంటే తోటి భక్తుణ్ణి నిందించిన దోషం, అంటే పిల్లలకూ భయమే. తనకు చెడు చేసిన పెద్దమనిషి గురించి చెబితే భక్తనింద అవుతుందని నోరు మూసుకునే పిల్లలు ఉంటారు. జరిగినది అమ్మానాన్నలకు చెప్పడం నింద కాదని, అవతలివాడు కాషాయం కట్టుకున్నా సరే చెప్పి తీరాలని మీ అబ్బాయికి ఇప్పుడే, మీ నోటితోనే చెప్పండి. మన దేశంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఆ సంగతి పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి; సమాజం పెద్దలు తమలో తాము విచారించుకుని సరిపెట్టే వీలు లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 సహాయ సంఖ్య ఉంది. అది వాడికి కంఠస్థం కావాలి.

నా సలహా అడిగితే, పదేళ్లవాడిని ఇంటి దగ్గరే ఉంచి, పగటి బడికి పంపుతూ, సాయంత్రాలు మందిరంలో చదువు చెప్పించడమే మంచిది.

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా అమ్మాయి బడికి తిలకం పెట్టుకు వెళ్లనంటోంది. ‘మీరు చెప్పేదంతా నిజమని నాకెలా తెలుస్తుంది’ అని అడుగుతోంది. సమాజంలో మా పరువు పోతోంది.
– మరొక తల్లి

జవాబు: తిలకం విషయం అమ్మాయికే వదిలేయండి. ఆ ప్రశ్న మాత్రం గొప్ప ప్రశ్న. మీకు జవాబు తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచోట తెలియదని చెప్పండి. అర్జునుడు యుద్ధభూమిలో అన్ని సందేహాలు అడిగితే కృష్ణుడు విసుక్కోలేదు. అంతా విన్నాక బాగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్లు చేయమన్నాడు. తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడితో ఆచార్యుడు, మాలోని మంచి నడవడినే నీవు అనుసరించు, తక్కినవి వద్దు అంటాడు. ఆ మాట మీరు మీ అమ్మాయితో అనగలిగితే, సమాజంలో పరువు గురించి అంత బెంగ ఉండదు.