మీ కుర్రాడు ఎక్కడ తప్పిపోయాడు?

మిత్రులకు నమస్కారం.

మీరు పంపిన స్క్రిప్టు చదివాను. ఆ తర్వాత ఓటీటీలో సినిమా కూడా చూశాను. బెజవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డులో పని నేర్చుకుంటున్న పదహారేళ్ల కుర్రాడు చిల్లర దొంగతనాలకు అలవాటుపడి చివరికి హత్య కేసులో ఇరుక్కునే కథ అనగానే చాలా ఆశపడ్డాను. ఇంటర్వెల్ వచ్చేసరికి సినిమా ఎవరి గురించో అర్థం కాకుండా పోయింది. ఎమ్మెల్యే గారి బావమరిది స్థలం తగాదా, ఎస్సై గారి ప్రేమ ఫ్లాష్‌బ్యాక్, ప్రకాశం బ్యారేజీ మీద బైకుల వెంటాట, ఇవన్నీ నడుస్తున్నంతసేపూ మీ కుర్రాడు తెర మీద లేడు.

కానీ ఈ ఉత్తరం రాయించింది అరెస్టు ఘట్టం. కుర్రాడికి బేడీలు వేసి లాకప్పులో కుక్కారు, ముఖాన్ని అన్ని చానళ్లలో చూపించారు, మర్నాడు పెద్దవాళ్ల మధ్య సెంట్రల్ జైల్లో పడేశారు. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండని వారిని లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదని, ఇరవై నాలుగు గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలని, పేరూ ఫొటో బయటపెట్టకూడదని 2015 నాటి చట్టం చెబుతోంది. మీ పోలీసులు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నారని చూపించదలచుకుంటే అది వేరే సంగతి. సినిమాలో ఆ స్పృహ ఎవరికీ లేదు, చివరికి కుర్రాడి తరఫు లాయరుకు కూడా.

ఇది సాంకేతికమైన చిన్న లోపమని మీరు అనుకోవచ్చు. నా దృష్టిలో మీ కథ చేయిజారింది సరిగ్గా అక్కడే. పదహారు నిండినవాడు హత్యలాంటి ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ వస్తే, ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం వాడికి ఉందా, దాని పర్యవసానాలు వాడికి తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి ఆ బోర్డు ముందుగా అంచనా వేయాలి. అందుకు మూడు నెలల గడువు ఉంటుంది. వాణ్ణి పిల్లవాడిగా చూడాలా, పెద్దవాడిగా విచారించాలా అన్నది ఆ అంచనా మీదే ఆధారపడి ఉంటుంది. ఎదిగే వయసులో నేరం చేసినవాడి కథకు ఇంతకన్నా గట్టి వెన్నెముకను ఏ రచయితా కల్పించలేడు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఒక కుర్రాడి ఎదుట కూర్చుని, వీడు ఎంతవరకు ఎదిగాడని తేల్చబోతున్నారు. ఆ ప్రశ్నలకు పనికిరాని సీను ఎంత బాగున్నా దయచేసి తీసేయండి. ఎస్సై గారి ప్రేమకథ దేనికి పనికొచ్చింది?

పనికొచ్చే సీను మీరు రాశారు. లారీ బ్యాటరీ ఎత్తుకొచ్చిన రాత్రి చొక్కా మీద యాసిడ్ చిందుతుంది, అప్పటికి ఏమీ కనిపించదు. తర్వాత తల్లి ఆ చొక్కాను ఉతికి జాడిస్తే పొట్ట దగ్గర గుడ్డ జల్లెడలా చిల్లులు పడి ఉంటుంది. షెడ్డులో వాడినింకా బ్యాటరీ పనికి పెట్టలేదని ఆవిడకు తెలుసు. అయినా ఏమీ అడగకుండా ఆ చొక్కాను మడిచి పెట్టె అడుగున పెడుతుంది. స్క్రిప్టులో రెండు పేజీలున్న ఈ సీను సినిమాలో పాట మధ్య మూడు షాట్లుగా మిగిలింది. ఎవరు కోశారని అడగను. కథలో ఊపిరున్న చోటునే వెతికి కోసే ఎడిటర్లనూ, వాళ్ల వెనక నిలబడి ‘ల్యాగు, ల్యాగు’ అని గొణిగే నిర్మాతలనూ నేను చాలామందినే చూశాను.

కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటూ ఇతరుల పేరు మీద సీన్లు రాసిపెట్టే రోజుల్లో, స్టేషను దగ్గర జేబులు కొట్టే పద్నాలుగేళ్ల పిల్లవాడి కథ ఒకటి రాసుకున్నాను. 1989లో ‘శివ’ వచ్చాక కాలేజీ గొడవల కథలకు గిరాకీ పెరిగిన కాలం అది. నా కథ విన్న నిర్మాత, ఫలానా హీరో డేట్లు దొరికాయి గనుక పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించమన్నాడు. ఆ హీరో గారికి అప్పటికే ముప్పై దాటాయి. పక్కనే కూర్చున్న నిర్మాత తమ్ముడు, సైకిల్ చైను ఎన్నో రీలులో వస్తుందని అడిగాడు. ‘శివ’లో ఆ చైను కథలోంచి వచ్చింది, తర్వాతివాళ్లు కథను వదిలేసి చైను పట్టుకుపోయారు. పోనీ కదా అని అదే కథను ఒక వారపత్రికకు పంపితే, ‘పిల్లల కథలు మేము వేయము’ అని సంపాదకుడు ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు. పిల్లవాడి కథకూ పిల్లల కథకూ తేడా తెలియని వాళ్లు రెండు చోట్లా ఉన్నారు.

మీరు అడిగిన పారితోషికం, రచయితల సంఘంలో సభ్యత్వం సంగతులు మరోసారి చూద్దాం. ఈ కథను మళ్లీ రాసే ఉద్దేశం ఉంటే, ముందు ఆ బోర్డులో సభ్యులుగా పనిచేసిన వారిని ఎవరినైనా కలవండి. విచారణ గదిలోకి మిమ్మల్ని రానివ్వరు గానీ అక్కడి పద్ధతి చెబుతారు. ఎస్సై పాత్రను వదులుకోవడం మీకు కష్టమైతే ఉంచుకోండి. కానీ పిల్లలతో వ్యవహరించే పోలీసులు మామూలు దుస్తుల్లో ఉండాలి, బేడీలు వేయకూడదు. యూనిఫాం, స్లో మోషన్ నడక రెండూ పోతే మీ నటుడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.

శుభాకాంక్షలతో.