బాగా ఈత వచ్చిన లైఫ్‌గార్డ్‌కి రెస్క్యూ ట్యూబ్ ఎందుకు?

మునిగిపోతున్న మనిషి లైఫ్‌గార్డ్‌ని కూడా కిందికి లాగేయకుండా, ఇద్దరూ తేలి ఉండడానికే ఆ ట్యూబ్. జీతానికి పనిచేసేవారైనా, వాలంటీర్లైనా ఇదే పద్ధతి.

ఊపిరాడనప్పుడు మనిషి చేతికి దొరికిన దాన్ని నీళ్లలోకి నొక్కి పైకెక్కాలని చూస్తాడు. కావాలని చేసేది కాదు, ప్రాణభయం. ఉత్త చేతులతో దగ్గరికి వెళ్తే ఆ నొక్కేది లైఫ్‌గార్డ్ భుజాలనే. అందుకే సుమారు మీటరు పొడవుండే మెత్తని ఫోమ్ ట్యూబ్‌ని ఇద్దరి మధ్య అడ్డం పెడతారు.

ఉదాహరణకు, అలల అవతల ఒకరు కొట్టుకుంటున్నారనుకోండి. లైఫ్‌గార్డ్ కాస్త దూరంలోనే ఆగి, ట్యూబ్‌ని ముందుకు తోసి "పట్టుకోండి!" అని అరుస్తారు. పట్టుకున్నాక దాన్ని ఒంటి చుట్టూ తిప్పి కొక్కెం తగిలిస్తారు. ట్యూబ్‌కి కట్టిన తాడు చివరి పట్టీ లైఫ్‌గార్డ్ భుజానికే ఉంటుంది కాబట్టి రెండు చేతులూ ఈతకి ఖాళీ.

ఇంత సన్నటిది మనిషిని మోస్తుందా అని చాలామంది అనుమానం. శరీరం బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి. ట్యూబ్ చేయాల్సింది ముక్కూ నోరూ పైన ఉంచడం, అంతే. ఇక ట్యూబ్ పట్టుకెళ్తే ఈత సరిగా రాదనుకోవడం శుద్ధ పొరపాటు. ఈత పరీక్ష నెగ్గాకే ఎవరికైనా ఆ డ్యూటీ.